బాధ్యతగల వ్యాపారం కోసం ఏ సంఘంలో చేరాలి? ఊళ్లో పనిచేసే వృత్తినిపుణులకు ఒక పోలిక

విజయవాడ, రాజమహేంద్రవరం, వరంగల్, కరీంనగర్ వంటి ఊళ్లలో పదేళ్లుగా స్థిరపడిన ఆడిటరుకో, న్యాయవాదికో, డాక్టరుకో, ఇంజనీరుకో, పాతికమందితో చిన్న పరిశ్రమ నడిపే యజమానికో ఏదో ఒక రోజు రెండు మూడు సభ్యత్వ ఫారాలు ఒకేసారి బల్లమీదికి వస్తాయి. ఒకటి సేవా క్లబ్బులో ఉన్న స్నేహితుడు ఇచ్చినది, ఇంకొకటి వారం వారం ఉదయం ఏడు గంటలకే ఫలహారంతో సమావేశమయ్యే వ్యాపార బృందానిది, మరొకటి చాంబర్ ఆఫ్ కామర్స్‌ది. పరిచయాలు పెరుగుతాయనీ, సమాజానికి మేలు చేసే అవకాశం దొరుకుతుందనీ మూడూ చెబుతాయి. మూడింటికీ చందా కట్టి, మూడింటికీ హాజరు కాలేక, చివరికి ఫొటోలలో మాత్రమే మిగిలిపోయిన సభ్యులను నేను చాలామందిని చూశాను. చిన్న పరిశ్రమల పద్దులు చూసే వృత్తిలో ఉన్నందువల్ల, ఏ సంఘంలో చేరితే మన వ్యాపారమూ మన తోటివారి వ్యాపారమూ నిజంగా బాధ్యతగా మారతాయి అనే ప్రశ్న తరచుగా నా ముందుకు వస్తుంది. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానాన్ని కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

పోల్చడానికి ముందు ఒక తేడా స్పష్టంగా ఉండాలి. లాభం చేతికి వచ్చాక అందులో కొంత దానం చేయడం ఒక పని, ఆ లాభాన్ని ఏ విధంగా సంపాదిస్తున్నామో చూసుకోవడం ఇంకొక పని. మన దగ్గర ఈ రెండూ తరచుగా ఒకే మాట కింద కలిసిపోతాయి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ దీనికి కొంత కారణం. నికర విలువ 500 కోట్ల రూపాయలు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, లేదా అంతకు మించి ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలని ఆ సెక్షన్ చెబుతుంది. దాంతో సామాజిక బాధ్యత అంటే బడికి బెంచీలు, ఊరికి మంచినీటి ప్లాంటు అనే అర్థం స్థిరపడింది. పైగా మన ఊళ్లలోని వ్యాపారాలలో అత్యధిక భాగానికి ఆ సెక్షన్ వర్తించనే వర్తించదు. అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019లో ప్రకటించిన బాధ్యతాయుత వ్యాపార మార్గదర్శకాలు చిన్నా పెద్దా తేడా లేకుండా అన్ని వ్యాపారాలనూ ఉద్దేశించినవి. వాటిలో తొమ్మిది సూత్రాలున్నాయి. నిజాయితీ, సరకు భద్రత, ఉద్యోగుల సంక్షేమం, వ్యాపారంతో సంబంధమున్న వారందరి ప్రయోజనాలు, మానవ హక్కులు, పర్యావరణం, ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేసేటప్పుడు పాటించాల్సిన పారదర్శకత, సమ్మిళిత అభివృద్ధి, వినియోగదారుల పట్ల బాధ్యత అనేవి ఆ తొమ్మిది. బెంచీలూ నీటి ప్లాంట్లూ ఆ తొమ్మిదింటిలో ఎనిమిదవదాని కిందికి వస్తాయి. మిగిలిన ఎనిమిదీ మన దుకాణంలో, మన ఆఫీసులో, మన ఫ్యాక్టరీ గోడల లోపల జరిగే విషయాలు.

అందువల్ల ఏ సంఘాన్ని తూచడానికైనా నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. ఈ సంఘంలో సభ్యుడి సొంత వ్యాపారం గురించి తోటి సభ్యులు ఎప్పుడైనా అడుగుతారా? పనివాళ్ల జీతాలు, సరకు ఇచ్చినవారికి బాకీలు, వెనక కాలువలోకి పోయే నీళ్లు అక్కడ చర్చకు వస్తాయా? నెలకు ఎంత సమయం పడుతుంది, మన వృత్తి నియమాలకు అక్కడి పద్ధతి సరిపోతుందా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. చందా ఎంత అన్నది చివరిది.

సేవా క్లబ్బులు

రోటరీ 1905లో షికాగోలో మొదలైంది. మొదట్లో దానికి పెట్టుకున్న నియమాన్ని తెలుసుకుంటే నేటి వ్యాపార బృందాల మూలం కూడా అర్థమవుతుంది. ఒక్కొక్క వృత్తి నుంచి ఒక్కొక్కరినే తీసుకునేవారు, సభ్యులు ఒకరితో ఒకరు వ్యాపారం చేసుకోవడం కూడా అప్పట్లో ఉద్దేశాలలో ఒకటిగా ఉండేది. సేవా లక్ష్యం ఆ తర్వాత ముందుకు వచ్చింది. 1932లో దివాలాకు దగ్గరపడిన ఒక అల్యూమినియం పాత్రల కంపెనీని నిలబెట్టే బాధ్యత తీసుకున్న హెర్బర్ట్ టేలర్, తన ఉద్యోగులు ప్రతి నిర్ణయానికీ ముందు వేసుకోవలసిన నాలుగు ప్రశ్నలను రాశాడు. ఇది సత్యమేనా, సంబంధం ఉన్న అందరికీ న్యాయమేనా, సద్భావాన్నీ స్నేహాన్నీ పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అన్నవే ఆ ప్రశ్నలు. 1943లో రోటరీ వాటిని తన పరీక్షగా స్వీకరించింది. నేడు ఆ నాలుగు వాక్యాలూ మన ఊళ్ల రోటరీ భవనాల గోడల మీద కనిపిస్తాయి.

ఆ ప్రశ్నలు దానధర్మాల కోసం పుట్టినవి కావు, అప్పుల్లో ఉన్న ఒక వ్యాపారం లోపల పుట్టినవి. నేటి క్లబ్బులు చాలావరకు వాటిని ప్రారంభ ప్రార్థనలా చదివి, తర్వాత రక్తదాన శిబిరం లెక్కల్లోకి వెళ్లిపోతాయి. కొన్నేళ్ల క్రితం ఒక ఊళ్లో ఒక క్లబ్బు ప్రభుత్వ బడికి శుద్ధజల యంత్రాన్ని అందించిన సభకు వెళ్లాను. వేదిక మీద శాలువా కప్పించుకున్న దాతల్లో ఒకరికి అట్టపెట్టెలు తయారు చేసి ఇచ్చిన చిన్న యూనిట్ యజమాని అదే సభలో వెనక వరుసలో కూర్చుని ఉన్నాడు. అతనికి రావలసిన బాకీ అప్పటికి ఎనిమిది నెలలు దాటింది. దాత దుర్మార్గుడేమీ కాదు. ఆ రెండింటికీ సంబంధం ఉందని అతనికి ఎవరూ గుర్తుచేయలేదు, అంతే. ఆ క్లబ్బులో గుర్తుచేసే ఆనవాయితీ లేదు.

అలా అని సేవా క్లబ్బులను తీసిపారేయలేము. వేర్వేరు వృత్తులవారు ఏళ్ల తరబడి ఒకరినొకరు దగ్గరగా చూసే చోటు మన ఊళ్లలో ఇంకొకటి దొరకడం కష్టం, అక్కడ పెరిగే నమ్మకం విలువైనది. రోటరీలో వృత్తిసేవ అనే విభాగం నియమావళి ప్రకారమే ఉంది, జనవరి నెలను దానికి కేటాయించారు కూడా. మీరు చూస్తున్న క్లబ్బులో ఆ విభాగం బతికి ఉందా, గత ఏడాది అది ఏ పని చేసింది అని అడగండి. ఎవరికో ఒక ఉత్తమ వృత్తినిపుణుడి పురస్కారం ఇచ్చాము అన్న సమాధానం వస్తే, మీ లక్ష్యానికి ఆ క్లబ్బు ఆసరా ఇవ్వగలదే తప్ప దారి చూపలేదు. 1917లో మొదలైన లయన్స్ క్లబ్బులకూ ఇదే మాట వర్తిస్తుంది. యువతకు నాయకత్వ శిక్షణ ఇచ్చే జేసీఐలో 18 నుంచి 40 ఏళ్ల మధ్యవారే సభ్యులుగా ఉంటారు కాబట్టి ప్రసంగించడం, సభ నడపడం నేర్చుకోదలచిన యువ వృత్తినిపుణులకు అది బాగా ఉపయోగపడుతుంది.

ఒకరికొకరు పని ఇప్పించుకునే బృందాలు

ఈ కోవలో బాగా విస్తరించినది బీఎన్ఐ. 1985లో ఇవాన్ మిస్నర్ అమెరికాలో దీన్ని ప్రారంభించాడు. ఒక్కొక్క బృందంలో ఒక్కొక్క వృత్తికి ఒక్కరే ఉంటారు, వారానికొకసారి కలుస్తారు, ఎవరు ఎవరికి ఎన్ని పనులు ఇప్పించారో లెక్క పెట్టుకుంటారు. ఇంటీరియర్ డిజైనర్లు, ప్రింటింగ్ ప్రెస్సుల యజమానులు, బీమా సలహాదారులు, సోలార్ పలకలు బిగించేవారు దీనివల్ల నిజంగానే లాభపడతారు. హాజరులో వారు పాటించే క్రమశిక్షణా, ప్రతిదాన్నీ లెక్కలో పెట్టే అలవాటూ సేవా క్లబ్బులు నేర్చుకోదగ్గవి.

బాధ్యతగల వ్యాపారం అనే లక్ష్యానికి మాత్రం ఇక్కడ రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది వృత్తి నియమాలకు సంబంధించినది, దీన్ని చేరే ముందే చూసుకోవాలి. 1949 చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం ప్రాక్టీసులో ఉన్న సీఏ క్లయింట్ల కోసం అభ్యర్థించడం, వృత్తి సంబంధమైన పని ఇప్పించినందుకు బయటివారికి కమీషన్ ఇవ్వడం దుష్ప్రవర్తన కిందికి వస్తాయి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలలోని 36వ నియమం న్యాయవాదులు కేసుల కోసం ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ అభ్యర్థించడాన్ని నిషేధిస్తుంది. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడమూ తీసుకోవడమూ డాక్టర్లకు 2002 వైద్య వృత్తి ప్రవర్తనా నిబంధనల ప్రకారం తప్పు. బృందంలో డబ్బు చేతులు మారకపోవచ్చు. అయినా ప్రతి వారమూ నాకు క్లయింట్లను పంపండి అని నిలబడి అడగడమే పద్ధతిగా ఉన్న చోట ఈ మూడు వృత్తులవారు ఎక్కడ గీత గీసుకోవాలో తమ తమ సంస్థల నుంచి రాతపూర్వకంగా తెలుసుకున్నాకే చందా కట్టడం మంచిది. నా అభిప్రాయం అడిగితే, ప్రాక్టీసులో ఉన్న ఆడిటరూ న్యాయవాదీ డాక్టరూ ఈ దారికి దూరంగా ఉండటమే క్షేమం.

రెండవ అడ్డంకి ఇంకా లోతైనది. నేను నీకు పని ఇప్పిస్తాను, నువ్వు నాకు ఇప్పించు అన్న ఒప్పందం మీద నిలిచిన చోట, నీ దగ్గర పనిచేసే పిల్లలకు పీఎఫ్ కడుతున్నావా అని అడిగే ధైర్యం ఎవరికీ రాదు. అడిగినవాడు వచ్చే వారం పని పోగొట్టుకుంటాడు. వ్యాపారం పెంచుకోవడమే మీ అవసరమైతే నిస్సంకోచంగా చేరండి, అందులో తప్పేమీ లేదు. అయితే బాధ్యత అన్న పనికి ఇంకొక చోటు వెతుక్కోండి.

చాంబర్లు, పారిశ్రామిక సంఘాలు

మద్రాసులో 1928లో ఏర్పడిన ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్, 1917లో మొదలై నేడు తెలంగాణ వాణిజ్య పరిశ్రమల సమాఖ్యగా హైదరాబాదులో పనిచేస్తున్న ఎఫ్‌టీసీసీఐ మన ప్రాంతంలో ఈ తరహా సంస్థల పాతదనాన్ని చెబుతాయి. కరెంటు చార్జీలు, పన్నులు, అనుమతుల జాప్యం వంటి విషయాలలో ప్రభుత్వంతో మాట్లాడటం వీటి ప్రధానమైన పని. అందుచేత సామాజిక బాధ్యత అన్నది వీటి కార్యక్రమ పట్టికలో చివరి అంశంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కొంతవరకు అది నిజమే.

కానీ ఒక్కరి వల్ల కాని పనులు ఇక్కడే సాధ్యమవుతాయి. జీడిమెట్ల, పటాన్‌చెరు వంటి పారిశ్రామికవాడలలో ఒక్కొక్క చిన్న రసాయన యూనిట్ సొంతంగా మురుగునీటి శుద్ధి యంత్రాంగం పెట్టుకోలేదు. అందరూ కలిసి ఉమ్మడి శుద్ధి కేంద్రాలు నడపడం అనే ఏర్పాటు వచ్చాకే ఆ నీటిని ఎక్కడో ఒకచోటికి చేర్చి శుద్ధి చేయడం సాధ్యపడింది. ఇది సేవా క్లబ్బు చేయగల పని కాదు, పది మంది వృత్తినిపుణుల బృందం చేయగల పనీ కాదు. ఆ కథలోని రెండవ భాగాన్ని కూడా దాచకూడదు. పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రంలో శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు, ఆ ఫలితం ప్రపంచమంతటా చర్చకు దారితీసింది. ఉమ్మడి కేంద్రం కట్టడం వరకు సంఘం చేయగలిగింది. ఏ సభ్యుడు ఏమి పంపుతున్నాడో చూసి, హద్దు దాటినవాణ్ణి ఆపడం దానికంటే చాలా కష్టమైన పని. అందుకే ఏదైనా పారిశ్రామిక సంఘంలో చేరే ముందు, నియమం తప్పిన సభ్యుడి విషయంలో మీరు ఎప్పుడైనా ఏమైనా చేశారా అని అడగమంటాను. ఆ ప్రశ్నకు వచ్చే సమాధానం కంటే, సమాధానం చెప్పేటప్పటి ముఖాలు మీకు ఎక్కువ చెబుతాయి.

చాంబర్లలో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఒకే వ్యాపారంలో ఉన్నవారు కూర్చుని ధరల గురించి మాట్లాడుకుంటే అది బాధ్యత పేరుతో జరిగినా 2002 పోటీ చట్టంలోని 3వ సెక్షన్ కిందికి వస్తుంది. మందుల వర్తకుల సంఘాల మీద కాంపిటీషన్ కమిషన్ పలుమార్లు చర్యలు తీసుకున్నది. అందరమూ పనివాళ్లకు న్యాయమైన కూలి ఇద్దాం అని అనుకోవడం మంచిదే, దానికోసం అందరమూ ధర ఇంత పెంచుదాం అన్న చోట మాత్రం ఆగిపోవాలి.

కొన్ని సంఘాలకు ప్రత్యేకమైన ఉద్దేశం ఉంది, అవి ఆ ఉద్దేశానికి సరిగ్గా సరిపోయేవారికి పెద్ద చాంబర్ల కంటే ఎక్కువ ఉపయోగపడతాయి. 1993లో ఏర్పడిన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఎలీప్ హైదరాబాదు శివార్లలోని గాజులరామారంలో మహిళల కోసమే ఒక పారిశ్రామికవాడను తీర్చిదిద్దింది. మిలింద్ కాంబ్లే 2005లో పుణెలో ప్రారంభించిన దళిత పారిశ్రామికవేత్తల చాంబర్ డిక్కీకి మన రాష్ట్రాలలోనూ శాఖలున్నాయి. ఈ రెండింటినీ సభ్యులు కాదలచినవారే కాకుండా సరకు కొనేవారు కూడా గమనించాలి. కేంద్ర మంత్రిత్వ శాఖలూ ప్రభుత్వ రంగ సంస్థలూ తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి, అందులో భాగంగా 4 శాతం షెడ్యూల్డ్ కులాలు, తెగల యజమానుల నుంచి, 3 శాతం మహిళల నుంచి జరపాలన్న విధానం ఉంది. ఆ నియమం ప్రైవేటు వ్యాపారులకు లేదు. అయినా మీ వార్షిక కొనుగోళ్లలో ఆ పాటి భాగాన్నైనా ఇలా మళ్లించాలనుకుంటే, ఎవరిని అడగాలో ఈ సంఘాల దగ్గర తెలుస్తుంది.

ఆర్కిటెక్టులకూ సివిల్ ఇంజనీర్లకూ నేను వేరే మాట చెబుతాను. వారి వృత్తిలో బాధ్యత అంటే కట్టే భవనమే. హైదరాబాదులో 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన, భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) వారి సోరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం, 2001లో ఏర్పడిన భారత హరిత భవన మండలి వారికి నేరుగా పనికొచ్చే చోట్లు. సాధారణ క్లబ్బులో పదేళ్లు తిరిగినా దొరకని విషయజ్ఞానం అక్కడి శిక్షణలో దొరుకుతుంది.

మిగిలిన దారులు

సామాజిక సంస్థలకు డబ్బుతో పాటు తమ వృత్తి నైపుణ్యాన్నీ సమయాన్నీ ఇవ్వదలచిన అనుభవజ్ఞులకు సోషల్ వెంచర్ పార్ట్‌నర్స్ వంటి దాతల బృందాలు ఉన్నాయి. 1997లో సియాటిల్‌లో పుట్టిన ఈ పద్ధతి 2012లో మన దేశానికి వచ్చింది, హైదరాబాదులోనూ శాఖ ఉంది. ఏడాదికి చెప్పుకోదగ్గ మొత్తం ఇవ్వగల స్థితిలో ఉన్నవారికి ఇది మంచి ఎంపిక, చిన్న ఊళ్లలో ప్రాక్టీసు చేసుకునేవారికి దూరం. ఒక కంపెనీ సమాజం పట్ల, పర్యావరణం పట్ల ఎలా నడుచుకుంటుందో ప్రశ్నావళితో తూచి ఇచ్చే బీ కార్ప్ ధ్రువీకరణ విదేశాలకు ఎగుమతి చేసేవారికి, విదేశీ పెట్టుబడిదారులతో మాట్లాడేవారికి ఉపయోగపడుతుంది. ఐక్యరాజ్య సమితి గ్లోబల్ కాంపాక్ట్ 2000లో మొదలైంది, బాధ్యతగల వ్యాపారం కోసం అది పెట్టిన పది సూత్రాలకు సంతకం చేసిన కంపెనీలు ఏటా నివేదిక ఇవ్వాలి. ఊళ్లో మందుల దుకాణానికో క్లినిక్‌కో ఈ రెండింటి అవసరం లేదు. ఆ ప్రశ్నావళులను తెచ్చుకుని చదవడం మాత్రం అందరికీ మంచిది.

మీరే కూడగట్టుకునే చిన్న బృందం

నా మొగ్గు దీనివైపే ఉంది కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను. వేర్వేరు వృత్తుల నుంచి పది పన్నెండు మంది, నెలకొకసారి, రెండు గంటలు, ఎవరో ఒకరి ఆఫీసులో కలవడం దీని రూపం. అతిథులు, వేదిక, శాలువాలు ఉండవు. ఒకే వ్యాపారంలో పోటీపడే ఇద్దరిని తీసుకోకూడదు, లేకపోతే ఎవరూ నిజం చెప్పరు. ఆడిటర్లూ న్యాయవాదులూ తమ క్లయింట్ల విషయాలు అక్కడ ఎత్తకూడదు, ప్రతి ఒక్కరూ తమ సొంత సంస్థ గురించే మాట్లాడాలి. ఈ రెండు నియమాలనూ మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి.

మొదటి సమావేశానికి ఏ విషయం పెట్టాలని అడిగితే నేను బాకీలు అంటాను. ప్రతి సభ్యుడూ తాను చిన్న సంస్థలకు చెల్లించవలసిన బాకీల జాబితా, అవి ఎన్ని రోజులవో రాసి తీసుకురావాలి. 2006 సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) అభివృద్ధి చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరకు గానీ సేవ గానీ తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులలో, లేకపోతే 15 రోజులలో డబ్బు చెల్లించాలి. తయారీ, సేవల సంస్థలకు వర్తించే ఈ రక్షణ కేవలం కొని అమ్మే వర్తకులకు వర్తించదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీతో, ఇవ్వాలని 16వ సెక్షన్ చెబుతుంది. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 18 శాతం అవుతుంది. 2 లక్షల రూపాయల బాకీని గడువు దాటి ఆరు నెలలు ఆపితే సుమారు 18,700 రూపాయల వడ్డీ పడుతుంది. 2024-25 మదింపు సంవత్సరం నుంచి, గడువు లోపల చెల్లించని అటువంటి బాకీని చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపించుకోవాలన్న ఆదాయపు పన్ను నియమం కూడా వచ్చింది. ఇంత చట్టం ఉన్నా అట్టపెట్టెల యూనిట్ యజమాని ఫిర్యాదు చేయడు, చేస్తే వచ్చే ఏడాది ఆర్డరు ఉండదు. చట్టం చేయలేని ఆ పనిని కొనేవారి బృందం చేయగలదు. పన్నెండు మంది తమ తమ జాబితాలు బల్లమీద పెట్టి, వచ్చే నెలకు 45 రోజులు దాటినవి ఒక్కటీ లేకుండా చేస్తామని మాట ఇచ్చుకుంటే, ఆ ఊళ్లో కనీసం నలభై యాభై చిన్న సంస్థల చేతికి రావలసిన డబ్బు వస్తుంది. ఏ నీటి ప్లాంటూ అంత త్వరగా అంతమందికి మేలు చేయదు.

తర్వాతి నెలలకు విషయాలు వాటంతట అవే దొరుకుతాయి. పదిమంది, అంతకు మించి ఉన్న చోట ఈఎస్ఐ, ఇరవైమంది, అంతకు మించి ఉన్న చోట పీఎఫ్ సక్రమంగా కడుతున్నామా, కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్న వాచ్‌మన్‌కూ ఊడ్చే ఆమెకూ కూడా అవి అందుతున్నాయా అన్నది ఒక నెల. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. చిన్న ఆసుపత్రులలోనూ బడులలోనూ ఇది కాగితం మీదే ఉంటుంది. కమిటీలో ఉండవలసిన బయటి సభ్యులు దొరకకపోవడం చాలామంది చెప్పే కారణం. మహిళల సమస్యల మీద పనిచేసే ఒక సంస్థ ప్రతినిధిని లేదా ఈ చట్టం బాగా తెలిసిన ఒక మహిళా న్యాయవాదిని బృందంలోని ఇన్ని సంస్థలకూ కలిపి అడగవచ్చు. క్లినిక్‌లున్నవారు 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఏ సంచిలో ఏమి వేస్తున్నారో చూపించడం మరొక నెల. ఆ రోజు సమావేశం క్లినిక్‌లోనే పెట్టండి.

ఈ బృందాన్ని వెంటనే రిజిస్టరు చేయాలన్న తొందర చాలామందిలో కనిపిస్తుంది. వద్దు అన్నదే నా సలహా. మొదటి ఏడాది హాజరు పుస్తకం, నిర్ణయాల పుస్తకం ఉంటే చాలు. రెండవ ఏడాదికి బ్యాంకు ఖాతా అవసరమైతే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో సొసైటీ పెట్టుకోవచ్చు. ఖర్చు తక్కువ, పద్ధతి సులువు. అయితే ఎన్నికల గొడవలు వచ్చే అవకాశం ఇక్కడే ఎక్కువ. ఉమ్మడిగా సరకు కొనడం, సభ్యులకు సేవలు అందించడం వంటి ఆర్థిక కార్యకలాపాలు ఉద్దేశమైతే 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం సొసైటీ కంటే బాగా సరిపోతుంది. కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ పెడితే పెద్ద సంస్థల దృష్టిలో విశ్వసనీయత వస్తుంది. బదులుగా ప్రతి ఏటా ఆడిట్, రిజిస్ట్రారుకు పత్రాల సమర్పణ తప్పవు. పెద్ద కంపెనీల సామాజిక నిధులు తెచ్చుకోవాలన్న ఆశతో దీన్ని మొదలుపెట్టేవారు ఒక విషయం తెలుసుకోవాలి. అటువంటి నిధులు తీసుకునే స్వతంత్ర సంస్థకు పన్ను మినహాయింపు నమోదులతో పాటు కనీసం మూడేళ్ల పని చరిత్ర, సీఎస్ఆర్-1 ఫారం నమోదు ఉండాలి. పైగా ఆ డబ్బు వచ్చిన మరుసటి నెల నుంచి మీ సమావేశాలు మళ్లీ బెంచీల లెక్కల్లోకి వెళ్లిపోతాయి.

చిన్న బృందానికి ఉన్న బలహీనత ఏమిటంటే అది ఒకరిద్దరి ఓపిక మీద ఆధారపడుతుంది. ఆ ఇద్దరూ బదిలీ అయితేనో విసిగిపోతేనో ఆగిపోతుంది. ప్రభుత్వంతో మాట్లాడే బలం దానికి ఉండదు. అందుకని దీన్ని ఏదో ఒక పెద్ద సంఘం నీడలో నడపడం మంచిది. చాంబర్‌లో ఉపసంఘంగా గానీ, క్లబ్బులో వృత్తిసేవ విభాగంగా గానీ నమోదు చేయించుకుంటే గదీ పేరూ అక్కడ దొరుకుతాయి, పని మీ చేతిలో ఉంటుంది.

ఎవరికి ఏది

ప్రాక్టీసు మొదలుపెట్టిన యువ డాక్టరుకూ న్యాయవాదికీ సేవా క్లబ్బు ఒకటి, చిన్న బృందం ఒకటి సరిపోతాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు అవసరమైన పరిశ్రమ నడిపేవారు తమ పారిశ్రామికవాడ సంఘాన్ని వదిలి ఇంకెక్కడికీ వెళ్లకూడదు. ఎంత విసుగు పుట్టించినా అక్కడే కూర్చుని ఉమ్మడి పనుల కోసం పట్టుబట్టాలి. మహిళా పారిశ్రామికవేత్తలు తమ ప్రత్యేక సంఘాన్ని మొదట చూసి, తర్వాత పెద్ద చాంబర్ గురించి ఆలోచించాలి. దుకాణమో డిజైన్ సంస్థో నడుపుతూ ఈ ఏడాది పని దొరకడమే ప్రధాన చింతగా ఉన్నవారు పని ఇప్పించుకునే బృందంలో చేరి, ఏడాది తర్వాత మిగతా విషయాలు చూసుకోవచ్చు. ముందు సంస్థ నిలబడాలి, పనివాళ్ల జీతాలు నెల మొదట్లో అందాలి. ఏ సందర్భంలోనూ రెండు సంఘాలకు మించి సభ్యత్వం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఫారం నింపే ముందు అతిథిగా మూడు సమావేశాలకు వెళ్లండి. గత ఏడాది జమాఖర్చులు చూపించమని అడగండి. సన్మానాలకూ భోజనాలకూ ఎంత, పనికి ఎంత అయిందో అందులో తెలుస్తుంది. గత పన్నెండు సమావేశాల నిర్ణయాల పుస్తకం తిరగేసి, సభ్యుల సొంత వ్యాపారాలకు సంబంధించిన నిర్ణయం ఒక్కటైనా ఉందేమో చూడండి. జీవితకాల సభ్యత్వం చౌకగా ఇస్తామన్నా ఒక్క ఏడాదికే చందా కట్టండి. ఆ రోజే మీ సంస్థ బాకీల జాబితా, ఉద్యోగుల పీఎఫ్, ఈఎస్ఐ పరిస్థితి, చెత్త ఎక్కడికి పోతుందో మూడు పేజీలలో రాసి తేదీ వేసి బీరువాలో పెట్టండి. పదకొండవ నెలలో చందా నోటీసు వచ్చినప్పుడు అవే మూడు పేజీలు కొత్తగా రాసి, పాతవాటి పక్కన పెట్టి చూడండి.